ఎవరినీ అంటని గాలి

మార్చి నెలాఖరు, అనంతపురం.
కిటికీకి తడి గోనెపట్ట కట్టి
మధ్యాహ్నాన్ని బయటే ఆపాను.
బెంగళూరు నించి లారీలో వచ్చిన క్రిప్టాన్ సిలిండర్‌ని
చంటిబిడ్డను దించినట్టు బల్ల మీదికి దించాడు
అటెండర్ కుళ్ళాయప్ప.
"ఇంత చిన్నదానికి అంత రేటా మేడం,
దీంట్లో ఏముండాది?"
కనపడదు. వాసన లేదు. మండదు.
ఎవరితోనూ కలవదు.
"మరి దాంతో మనకేం పని?"

బడిలో దీనికి రెండు పేర్లు చెప్పారు.
జడవాయువు అని ఒకటి,
ఉత్కృష్ట వాయువు అని ఇంకొకటి.
ఎవరినీ అంటుకోదు గనక ఉత్కృష్టమట.
ఆ మాట దగ్గర సారు గొంతు మామూలుగానే ఉంది.
నాకు మాత్రం
కొళాయి కాడ బిందె ఎడంగా పెట్టుకుని
ఎవరైనా పోస్తారేమోనని నిలబడే మా జేజి గుర్తొచ్చింది.
అంటనివాళ్ళు పైన,
అంటరానివాళ్ళు కింద.
పట్టికలో దాని వరస అన్నిటికన్నా చివర.
ఊళ్ళో మా వరసా అంతే.
అది చూసి నవ్వుకున్నాను,
పరీక్షలో మాత్రం పుస్తకంలో ఉన్నట్టే రాశాను.

సరే, పని.
పాలపాకెట్టు కంటే పలచని పాలిథిన్ పొర.
ఉక్కు గొట్టంలో చుట్టిపెట్టి
లోపలి గాలంతా లాగేసి
క్రిప్టాన్ నింపి బిగిస్తాను.
రెండు రోజులు నానాలి.
వాయువు మెల్లగా గొలుసుల సందుల్లోకి దిగుతుంది
చుట్టపుచూపుగా.
మూత తీస్తే లేచి వెళ్ళిపోయే రకం.
అందుకే మూత తియ్యకుండానే
గామా ఛాంబర్లోకి పంపుతాను.

సీసం గోడల వెనక కోబాల్టు
చప్పుడు చెయ్యదు.
కిరణం తగిలిన చోట గొలుసు తెగుతుంది.
తెగిన కొస ఊరుకోదు,
పక్కదాన్ని పట్టుకుంటుంది.
ముడి, దాని పక్కన ముడి.
వదులైన నులకమంచాన్ని
కాలితో తన్నిపెట్టి బిగించినట్టు
సందులు ఇరుకవుతాయి.
లోపలున్నదాన్ని ఎవరూ పట్టుకోలేదు,
అదీ ఎవరినీ పట్టుకోలేదు.
దారి మూసుకుపోయిందంతే.

మొదటి ఫిల్ము గంటలో ఖాళీ.
డోసు పెంచితే రెండోది పసుపెక్కి
గోరు తగిలితే అప్పడంలా విరిగింది.
మూడోది నిలిచింది.
రోజూ గోరంత ముక్క కత్తిరించి వేడిచేస్తే
యంత్రం తెర మీద
ఎనభై నాలుగు దగ్గర గీత నిక్కి నిలబడేది.
పదకొండు రోజులు ఆ గీతను చూసి
అన్నం తిన్నాను.

పన్నెండో రోజు ఆదివారం.
ట్రాన్స్‌ఫార్మర్ కాలి ఏసీ ఆగిపోయింది.
సోమవారం తలుపు తీస్తే
గది పొయ్యిలోంచి తీసిన కుండ.
ముక్క కత్తిరించాను.
గీత లేవలేదు.
ఇంకో ముక్క.
లేవలేదు.

కుళ్ళాయప్ప గుమ్మంలో నిలబడి అన్నాడు:
"యాడికి పోతాది మేడం,
తలుపులన్నీ ఏసే ఉండె గదా.
ఈ గదిలోనే ఉంటాది."

రేడియేషనూ ఫిల్మూ నేను మొదట చూసింది
ఈ గదిలో కాదు.
తాడిపత్రి నాపరాళ్ళ పాలిష్ మిల్లులో
ఇరవై ఏళ్ళు చేసిన మా జేజి ఎక్స్‌రే
పెద్దాసుపత్రి కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుని
ఊపిరితిత్తుల్లో తెల్లటి చుక్కలు చూపించాడు డాక్టరు.
లెక్కపెట్టబోయి ఆగిపోయాను.
ఆమె పీల్చిన గాలి ఒక్క రోజూ ఆమె దగ్గర ఆగలేదు.
రాయి ఆగింది.

నోట్సు తెరిచి రాశాను:
మూడో నమూనా. నిలిచింది పదకొండు రోజులు.
కారణం అన్న గడిలో
"ఎండ" అని రాసి, కొట్టేసి,
"ఉష్ణోగ్రత" అని రాశాను.

గోనెపట్ట తడపడానికని
కుళ్ళాయప్ప కిటికీ గొళ్ళెం మీద చెయ్యేశాడు.
"ఇంకాసేపు ఉండనీ" అన్నాను.
ఎందుకని అతను అడగలేదు.
ఇద్దరం ఆ ఉక్కలో నిలబడి
నెమ్మదిగా
పీల్చి వదిలాం.